మాయ సరిగ్గా ఎదగకపోతే పాప మెదడు మీద ప్రభావం ఉంటుందా? రిపోర్టు చూశాక నిద్ర పట్టట్లేదు

మొలక_అమ్మ
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైతే ఏమనుకోకండి. మా పాపకి ఇప్పుడు తొమ్మిది నెలలు. 31 వారాలకే సిజేరియన్ చేసి తీశారు. నాకు బీపీ పెరిగింది, డాప్లర్ స్కాన్‌లో బొడ్డుతాడులో రక్తం సరిగ్గా పారట్లేదని, ఇంకా లోపలే ఉంచితే ప్రమాదమని చెప్పారు. పుట్టినప్పుడు 1,100 గ్రాములు. ఎన్‌ఐసీయూలో 38 రోజులు ఉంది. ఇప్పుడు బాగానే ఉంది, నవ్వుతుంది, బోర్లా పడుతుంది, కానీ ఇంకా కూర్చోవట్లేదు.

మొన్న ఫైలు సర్దుతుంటే ఒక కాగితం బయటపడింది. మాయని, అదే ప్లసెంటాని, ల్యాబ్‌కి పంపారట, దాని రిపోర్టు అది. డిశ్చార్జి రోజున దాని గురించి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. బరువు 190 గ్రాములు, అక్కడక్కడ ఇన్‌ఫార్క్షన్లు అని ఉంది. అది పట్టుకుని నెట్‌లో వెతికితే మాయకీ పిల్లల మెదడుకీ సంబంధం ఉందని, ఆటిజం అని, ఏవేవో కనిపించాయి. రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. పైగా ఇంట్లో ఒకరు "కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తినలేదు, ఆఫీసు ఆఫీసు అని టెన్షన్ పడ్డావు, అందుకే ఇలా" అన్నారు. నిజంగా నా వల్లేనా? మాయ అంటే తిండీ గాలీ అందించే గొట్టం అనుకున్నాను ఇన్నాళ్లూ. దానికీ మెదడుకీ ఏంటి సంబంధం? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

రాత్రి_డ్యూటీ
చెల్లీ, నీ వల్ల కాదు. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. ఎందుకు కాదో నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు, నేను కళ్లతో చూసింది చెప్తాను. పదిహేనేళ్లుగా కాన్పుల గదిలో నర్సుని. మాయ పడగానే ట్రేలో వేసి రెండు వైపులా తిప్పి చూడటం మా పని. తల్లి వైపు ముదురు ఎరుపు, పదిహేను ఇరవై గడ్డలు పక్కపక్కన అతికించినట్టు ఉంటుంది, చూడ్డానికి కాలేయం లాగే. ఒక్క గడ్డ లోపల ఉండిపోయినా తల్లికి రక్తం ఆగదు, అందుకే ఒక్కోదాన్నీ చేత్తో దగ్గరికి చేర్చి మధ్యలో ఖాళీ ఉందేమో చూస్తాం. బిడ్డ వైపు తిప్పితే నున్నగా మెరుస్తుంది, బొడ్డుతాడు అతికిన చోటు నుంచి రక్తనాళాలు చెట్టు వేళ్లలా పాకి ఉంటాయి. తాడు కోసిన చోట మూడు రంధ్రాలు లెక్కపెడతాం, రెండు ధమనులు, ఒక సిర.

ఇన్‌ఫార్క్షన్ అంటే ఆ చోటికి తల్లి రక్తం అందక ఆ ముక్క చచ్చిపోవడం. మిగతాదంతా మెత్తగా ఉంటే అది వేలికి గట్టిగా తగులుతుంది, పాతదైతే తెల్లగా పాలిపోయి ఉంటుంది. నెలలు నిండిన మామూలు మాయల్లో కూడా చిన్నవి ఒకటీ అరా కనిపిస్తూనే ఉంటాయి, బిడ్డలు శుభ్రంగా పుడతారు. నెలలు నిండాక మాయ దాదాపు అర కిలో ఉంటుంది. 31 వారాలకి అంత ఉండదనుకో, అయినా 190 అంటే చిన్నదే. నీకు బీపీ రావడం, డాప్లర్ తేడాగా ఉండటం, పాప బరువు తగ్గడం, ఈ మూడింటికీ మూలం అదే అయి ఉంటుంది. సరైన సమయానికి తీశారు అనే నాకు అనిపిస్తోంది.

కణజాలం
నేను మాయ కణాల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, వైద్యుణ్ణి కాదు, కాబట్టి పాప గురించి చెప్పను, శాస్త్రం వరకే చెప్తాను.

గొట్టం అనుకోవడం మీ తప్పు కాదండీ, పరిశోధకులూ చాలాకాలం దాన్ని అలాగే చూశారు. కాన్పు అవగానే పారేసే వస్తువు కదా. అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 2014లో హ్యూమన్ ప్లసెంటా ప్రాజెక్టు అని మొదలుపెట్టింది, మనిషి అవయవాల్లో మనకి అన్నిటికంటే తక్కువ తెలిసింది ఇదేనన్న కారణంతోనే.

అసలు సంగతేంటంటే మాయ అందించడమే కాకుండా సొంతంగా తయారు చేస్తుంది కూడా. 2011లో నేచర్ పత్రికలో బోనిన్, లెవిట్ బృందం ఒక విషయం చూపించింది. పిండం మెదడు మొదట్లో ఎదిగేటప్పుడు సెరటోనిన్ అనే రసాయనం కావాలి, నరాల తీగలు ఎటు వెళ్లాలో చెప్పే పనిలో దానికి పాత్ర ఉంది. ముందుమెదడుకి అది తల్లి రక్తం నుంచి వస్తుందని అనుకునేవారు. తీరా చూస్తే ఎలుకల్లో మాయే తల్లి రక్తంలోని ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకు తీసుకుని సెరటోనిన్ తయారు చేసి పంపుతోంది. పిండం సొంత నరకణాలు ఆ పని అందుకునే దాకా ఆ బాధ్యత మాయదే.

రెండోది మీలాంటి నెలలు నిండని కాన్పులకి ఇంకా దగ్గర విషయం. అలోప్రెగ్ననలోన్ అని ఒక హార్మోన్ ఉంది, గర్భం చివరి నెలల్లో మాయ దాన్ని బాగా తయారు చేస్తుంది. ఆనా పెన్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల్లో మాయలో మాత్రమే ఆ హార్మోన్ తయారీని ఆపింది, పిండం జోలికి వెళ్లలేదు. 2021లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చింది. పుట్టిన పిల్లల చిన్నమెదడులో నరాల చుట్టూ ఉండే తెల్లపొర తేడాగా ఎదిగింది, మగ పిల్లల్లో తోటి ఎలుకలతో కలవకపోవడం, చేసిందే చేయడం లాంటివి కనిపించాయి. గర్భం చివర్లో ఆ హార్మోన్ ఒక్క ఇంజెక్షన్ ఇస్తే అవి చాలావరకు తగ్గాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి ఊపిరితిత్తులు ఎదగవని అందరికీ తెలుసు. ఆ బిడ్డ రావాల్సిన హార్మోన్లని కూడా వారాల ముందే పోగొట్టుకుంటోందన్నది కొత్త ఆలోచన. ఈ రంగానికి పెన్ న్యూరోప్లసెంటాలజీ అని పేరు కూడా పెట్టింది.

ఇద్దరు_పిల్లల_నాన్న
బాగా చెప్పారు గానీ అన్నీ ఎలుకలేనా? ఎలుకకి ఇరవై రోజుల గర్భం, మనకి తొమ్మిది నెలలు. ఆవిడ అసలే భయపడుతుంటే ఎలుకల సంగతి చెప్పి ఇంకా భయపెట్టకండి సార్.

కణజాలం
న్యాయమైన ప్రశ్న. మనిషి మాయ మీద గర్భంతో ఉండగా ప్రయోగాలు చేయలేం, అందుకే ఎలుకలు. మనుషుల్లో దొరికేది పుట్టాక మాయని పరీక్షించి, ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి, రెండిటికీ పొంతన ఉందా అని చూడటం. అమెరికాలో 28 వారాలలోపే పుట్టిన పిల్లల మీద ఎల్గాన్ అనే పెద్ద అధ్యయనం ఉంది, 2002 నుంచి 2004 మధ్య పుట్టినవాళ్లు, వాళ్ల మాయల్ని కూడా పరీక్షించి పెట్టారు, పిల్లల్ని ఇప్పటికీ చూస్తున్నారు. మరొకటి 2018లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి రిస్కుకి సంబంధించిన జన్యువుల్లో కొన్ని మాయలోనే ఎక్కువ చురుగ్గా ఉన్నాయనీ, ఆ జన్యువులున్నవాళ్ల తల్లికి గర్భంలో ఇబ్బందులు కూడా వచ్చి ఉంటే రిస్కు ఇంకా పెరుగుతుందనీ చెప్పారు.

కానీ ఇవన్నీ వేలమందిని కలిపి చూస్తే కనపడే తేడాలు. ఒక పాప రిపోర్టు పట్టుకుని ఆ పాప ఎలా ఎదుగుతుందో చెప్పడానికి ఇవి పనికిరావు. ఇది గట్టిగా చెప్తున్నాను.

సందేహాల_పుట్ట
అయితే మాయ చూసి ఆటిజం పుట్టిన రోజే చెప్పేయొచ్చు అని నేను చదివాను, యేల్ యూనివర్సిటీ వాళ్లట. అది నిజం కాదా? మా అక్క కూతురు 35 వారాలకి పుట్టింది, మాయ పారేశారు, అప్పుడే దాచి ఉంటే బావుండేది అని అక్క ఇప్పటికీ బాధపడుతోంది.

కణజాలం
2013 నాటి పరిశోధన అది. ఆటిజం ఉన్న బిడ్డ అప్పటికే ఉన్న కుటుంబాల్లో తర్వాతి కాన్పుల మాయలు 117, మామూలు కుటుంబాలవి 100 తీసుకుని చూశారు. మొదటి వాటిలో మాయ కణాల మడతలు ఒక ప్రత్యేకమైన పద్ధతిలో ఎక్కువగా కనిపించాయి. ఆ 117 మందిలో ఎవరికి ఆటిజం వచ్చింది అన్నది ఆ పరిశోధన తేల్చలేదు, రిస్కున్న కుటుంబం అని మాత్రమే తెలుసు. కాబట్టి పుట్టిన రోజే చెప్పేయడం అనే మాట దాన్నుంచి రాదు. మీ అక్కకి చెప్పండి, మాయ దాచి ఉన్నా ఆటిజం గురించి కచ్చితంగా ఏమీ తెలిసేది కాదు.

మొలక_అమ్మ
అందరికీ చాలా థాంక్స్, ఏడుస్తూ చదివాను. ఒక్కటి అడగాలి. టెన్షన్ సంగతి. నిజంగానే ఆఫీసులో ఆ నాలుగు నెలలు చాలా కష్టంగా గడిచాయి, రోజూ రాత్రి పదకొండింటికి ఇంటికి వచ్చేదాన్ని. అది మాయలోంచి పాపకి వెళ్లి ఉంటుందా?

కణజాలం
కొంత వెళ్తుంది, చాలావరకు ఆగిపోతుంది. టెన్షన్ పడ్డప్పుడు మన ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది కదా. మాయలో ఒక ఎంజైమ్ కాపలా కూర్చుని తల్లి కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. బిడ్డకి కార్టిసాల్ అస్సలు వద్దని కాదు, చివర్లో ఊపిరితిత్తులు ఎదగడానికి అదే కావాలి, కానీ తొందరగా, ఎక్కువగా వద్దు.

ఆ కాపలాని దెబ్బతీసే పదార్థం ఒకటి బాగా తెలుసు, అతిమధురంలో ఉండే గ్లిసిరైజిన్. ఫిన్లండ్‌లో అతిమధురం మిఠాయిలు ఎక్కువ తింటారు కాబట్టి హెల్సింకీ పరిశోధకులు అక్కడే చూశారు. గర్భంతో ఉండగా బాగా తిన్న తల్లుల పిల్లలకి సుమారు పదమూడేళ్లప్పుడు పరీక్షలు పెడితే ఐక్యూ ఏడు పాయింట్ల దాకా తక్కువ వచ్చింది, 378 మంది పిల్లలు, 2017లో అచ్చయింది. అందుకే అక్కడ గర్భిణులు అతిమధురం తినకూడదని అధికారికంగా చెబుతారు. మూలికల పేరుతో అది మందుల్లో కూడా ఉంటుంది, కడుపుతో ఉన్నవాళ్లు సీసా మీద చదువుకోవాలి.

ఇక ఆఫీసు టెన్షన్ వల్ల మాయ ఎండిపోయింది అనే మాటకి ఆధారం లేదు.

గైనిక్_పీజీ
ఇక్కడ నేను అందుకుంటాను, ప్రసూతి విభాగంలో పీజీ చేస్తున్నాను. తినకపోవడం వల్ల అన్నవాళ్లకి ఇది చదివి వినిపించండి. మాయ తల్లి అవయవం అనుకుంటారు అందరూ, అది బిడ్డదే. అండం ఫలదీకరణం అయ్యాక ఆ కణాల ముద్దలో కొన్ని బిడ్డగా, కొన్ని మాయగా మారతాయి. దాని జన్యువుల్లో సగం తండ్రివి. పైగా మాయ ఎదుగుదలలో తండ్రి నుంచి వచ్చిన జన్యువుల పాత్ర ప్రత్యేకంగా ఎక్కువని 1984లోనే ఎలుకల్లో తేలింది.

మీకు జరిగింది బహుశా ఇది. గర్భం మొదటి సగంలో మాయ కణాలు గర్భాశయం గోడలోకి చొచ్చుకెళ్లి, అక్కడ మెలికలు తిరిగి సన్నగా ఉండే ధమనుల గోడల్ని మార్చేసి వెడల్పు చేస్తాయి. పిల్ల కాలువని పెద్ద కాలువ చేసినట్టు. ఆ పని దాదాపు 20 వారాలకల్లా పూర్తి కావాలి. సగంలో ఆగితే ధమనులు సన్నగానే ఉండిపోతాయి, రక్తం చాలినంత రాదు, వచ్చేది కూడా దూకుడుగా వచ్చి మాయని గాయపరుస్తుంది. ఆ తర్వాతే బీపీ, బరువు తగ్గడం, ఇన్‌ఫార్క్షన్లు. అంటే మీకు బీపీ కనపడటానికి నెలల ముందే, చాలాసార్లు పొట్ట కూడా తెలియని రోజుల్లోనే అది మొదలైపోతుంది. రెండు ముద్దలు ఎక్కువ తిన్నా మారేది కాదు.

ఇంకోటి. అలా రక్తం తగ్గినప్పుడు బిడ్డ ఒళ్లు ఊరుకోదు. కాళ్లకీ పేగులకీ వెళ్లే రక్తాన్ని తగ్గించి మెదడుకి మళ్లిస్తుంది. డాప్లర్‌లో మెదడు ధమని కూడా కొలుస్తాం, ఇది అందులో కనపడుతుంది. అలాంటి పిల్లలకి ఒళ్లు సన్నగా, తల మాత్రం వయసుకి తగ్గట్టు ఉండేది అందుకే. ఆ ఏర్పాటుతో మెదడుకి ముప్పు పూర్తిగా తప్పుతుందని అనలేం, కానీ చాలా కాపాడుతుంది. పాప తల చుట్టుకొలత చార్టులో ఎలా పెరుగుతోందో చూడండి, నాకు మాయ రిపోర్టు కంటే అదే ముఖ్యం.

మొలక_అమ్మ
తల చుట్టుకొలత గీత మీదే పెరుగుతోందండీ, పోయిన నెల కూడా రాశారు. మీరు రాసింది మా ఆయన బిగ్గరగా చదివి వినిపించారు, ఆ మాట అన్నవాళ్లు కూడా విన్నారు.

నడక_నేర్చిన_ఇల్లు
అమ్మా, మా వాడికి ఇప్పుడు పదకొండేళ్లు. 29 వారాలకి పుట్టాడు. నాది బీపీ కేసు కాదు, ఉమ్మనీరు ముందే పోయి మాయకి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మాయలో వాపు ఉంటే ఆ వాపు కబురు బిడ్డ మెదడులోని తెల్లపదార్థం దాకా పోతుందని మాకు అప్పుడే చెప్పారు. తల స్కాన్‌లో చిన్న మచ్చలు కనిపించాయి. 22 నెలలకి నడిచాడు, కుడికాలు కాస్త మడమ ఎత్తి వేస్తాడు, రెండేళ్లు ఫిజియోథెరపీ చేయించాం, రోజుకి మూడుసార్లు నేను కూడా చేసేదాన్ని, పిక్క కండరాన్ని అరచేత్తో పట్టుకుని పాదాన్ని పైకి నొక్కి ముప్పై లెక్కపెట్టాలి. ఇప్పటికీ ఆ లెక్క నోట్లో తిరుగుతుంటుంది. చదువులో లెక్కలు కష్టం, కథలు మాత్రం గంటల తరబడి చదువుతాడు. అంతా బాగైపోతుంది అని నీకు నేను చెప్పను, నాకు అలా చెప్పినవాళ్ల మీద చాలా కోపం వచ్చేది. ఏం అవసరమో తొందరగా తెలిస్తే తొందరగా మొదలుపెట్టొచ్చు, మాకు అదే కలిసొచ్చింది.

చిన్ని_అడుగులు_థెరపీ
నేను పిల్లల థెరపిస్టుని. మొలక_అమ్మ గారూ, పాప వయసు తొమ్మిది నెలలు అని లెక్కేస్తున్నారు, అక్కడే మీకు సగం భయం వస్తోంది. తొమ్మిది వారాలు ముందు పుట్టింది కదా, ఎదుగుదల చూసేటప్పుడు ఆ తొమ్మిది వారాలు తీసేయాలి. కరెక్టెడ్ వయసు అంటాం, రెండేళ్లు వచ్చేదాకా ఆ లెక్కే. అంటే మీ పాప ఇప్పుడు ఏడు నెలల పాప. ఏడు నెలలకి ఆసరా లేకుండా కూర్చోకపోవడం మామూలే. నేనైతే ఒక చెయ్యే వాడుతోందా, కాళ్లు కర్రల్లా బిగుసుకుంటున్నాయా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా, కళ్లలోకి చూస్తోందా అన్నవి చూస్తాను. వినికిడి పరీక్ష, కంటి రెటీనా పరీక్ష అయ్యాయో లేదో ఫైల్లో చూసుకోండి. రెండేళ్ల వరకు ఫాలోఅప్ మానొద్దు, బాగుంది కదా అని మానేసేవాళ్లే ఎక్కువ.

ఏడో_నెల
నేను 30 వారాల గర్భిణిని, ఇదంతా చదివి అడుగుతున్నాను. మాయ బాగుండటానికి నేను ఇప్పుడేం చేయాలి? కాన్పయ్యాక మాయని పొడి చేసి మాత్రలుగా వేసుకుంటే తల్లికి మంచిదని కూడా ఒకరు చెప్పారు.

గైనిక్_పీజీ
ఆ మాత్రలు వద్దు. మేలు చేస్తుందన్న రుజువు లేదు, 2016లో అమెరికాలో ఒక తల్లి అలా వేసుకున్నాక బిడ్డకి ఇన్‌ఫెక్షన్ రెండోసారి వచ్చింది, ఆ మాత్రల్లోనే సూక్ష్మజీవి దొరికింది.

ఇక మీరు చేయగలిగినవి. బీపీ చూపించుకోవడం మానొద్దు. తలనొప్పి, కళ్ల ముందు మసక, పొట్ట పైభాగంలో నొప్పి, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రైనా వెళ్లాలి. రక్తహీనత ఉంటే ఐరన్, థైరాయిడ్ ఉంటే మాత్ర రోజూ. బిడ్డ థైరాయిడ్ గ్రంథి గర్భం నడిమికి గానీ సరిగ్గా పని అందుకోదు, అప్పటిదాకా మెదడుకి కావాల్సిన హార్మోన్ తల్లిదే, మాయ దాటి వెళ్లేదే. సిగరెట్ పొగ ఇంట్లో ఉండకూడదు, మద్యం మాయకి అడ్డేమీ లేకుండా దాటిపోతుంది.

కాన్పు రోజు సంగతి ఇప్పుడే అడిగి పెట్టుకోండి. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు బిగించేయకుండా కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు నిమిషాలు ఆగితే మాయలోని రక్తం 80 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా బిడ్డలోకి వస్తుంది, అందులోని ఐరన్ మెదడు ఎదుగుదలకి నెలల తరబడి ఆధారం. స్వీడన్‌లో అలా ఆగిన పిల్లల్ని నాలుగేళ్లకి చూస్తే చేతివేళ్ల పనుల్లో కొంచెం మెరుగ్గా ఉన్నారు, ముఖ్యంగా మగపిల్లలు. బిడ్డకి వెంటనే ఊపిరి అందించాల్సి వస్తే మాత్రం డాక్టర్ల నిర్ణయానికి వదిలేయాలి.

మొలక_అమ్మ గారూ, మీకు కూడా ఒకటి. మళ్లీ గర్భం అనుకుంటే మొదటి నెలల్లోనే ఈ రిపోర్టుతో వెళ్లండి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా ఇస్తారు. 2017 నాటి ఆస్ప్రే ట్రయల్‌లో రిస్కున్న తల్లులకి రాత్రిపూట 150 మిల్లీగ్రాములు ఇస్తే 37 వారాలలోపే వచ్చే బీపీ సమస్య 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. ఆలస్యంగా మొదలుపెడితే అంత ఫలితం ఉండదు, ధమనులు మారే పని అప్పటికే అయిపోతుంది కదా. సొంతంగా మాత్రం వేసుకోవద్దు.

మొలక_అమ్మ
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. రిపోర్టు పట్టుకుని పిల్లల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఆవిడ మొత్తం చదివి, తల్లి వైపు నుంచి రక్తం సరిగ్గా అందలేదని అర్థం, ఇన్‌ఫెక్షన్ వాపు లేదు అన్నారు. కాన్పుకి ముందు మెదడు రక్షణకి మెగ్నీషియం ఇంజెక్షన్ ఇచ్చినట్టు కూడా ఫైల్లో ఉంది, అది ఇచ్చినట్టే నాకు తెలియదు. పాపని నేల మీద పరిచిన దుప్పటి మీద వేసి అరగంట చూశారు. గిలక్కాయని కుడి చేత్తో అందుకుని ఎడమ చేతికి మార్చుకుంది. రెండుసార్లు చేసింది. మూడోసారి నోట్లో పెట్టుకుంది. ఏడు నెలల పాపలాగే ఉంది, మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు, తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టాను.

రాత్రి_డ్యూటీ అక్కా, ఒక్కటి చెప్పు. మళ్లీ ఎప్పుడైనా అవసరమైతే ఆ మాయ ల్యాబ్‌లో ఉంటుందా, పారేసి ఉంటారా?

రాత్రి_డ్యూటీ
మాయ మొత్తం ఉండదు చెల్లీ, కొన్ని వారాలకి తీసేస్తారు. పరీక్షకి కోసిన చిన్న ముక్కల్ని మాత్రం మైనంలో పోసి బ్లాకులుగా దాస్తారు, అవి ఏళ్ల తరబడి చెడిపోవు. రిపోర్టు పైన ఒక నంబరు ఉంటుంది చూడు, పేరు కింద. అది ఫోటో తీసి పెట్టుకో, కాగితం రంగు వెలిసినా ఆ నంబరు చెబితే ల్యాబ్‌లో వెతికి తీస్తారు.